కట్ చెప్పని 138 నిమిషాలు

అందరికీ నమస్కారం.

ఇందాక సినిమా అయిపోయి లైట్లు వేశాక కాసేపు ఎవరూ లేవలేదు. టీ దగ్గరికి చేరాక మాత్రం మాటలు జోరందుకున్నాయి. ‘మొదటి గంట బాగా సాగదీశాడండీ’ అన్నారొకరు. ‘బ్యాంకు దగ్గర నాకు అరచేతులకు చెమటలు పట్టేశాయి’ అని ఇంకొకరు. ‘ఆ పిల్లకి అసలు బుద్ధుందా?’ అని వెనక వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ. బెర్లిన్‌లో ఒంటరిగా ఉంటున్న స్పెయిన్ అమ్మాయి విక్టోరియా ఒక రాత్రి నలుగురు కుర్రాళ్ళ వెంట వెళ్ళి, తెల్లారేసరికి బ్యాంకు దోపిడీలో చిక్కుకునే కథ ఇది. ఈ ‘విక్టోరియా’ సినిమా చూసినవాళ్ళ దగ్గర నేను ఎప్పుడూ వినేది ఈ మూడు మాటలే. మూడింటికీ మూలం ఒక్కటేనని నా నమ్మకం. ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

ముందు ఎలా తీశారో రెండు ముక్కల్లో చెబుతాను. దర్శకుడు సెబాస్టియన్ షిప్పర్ 2014 ఏప్రిల్ 27న, తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో బెర్లిన్‌లో కెమెరా ఆన్ చేయించాడు. ఏడు కావస్తుండగా ఆపించాడు. మధ్యలో కట్ లేదు. క్లబ్బు, వీధులు, మేడ పైన, కేఫ్, అండర్‌గ్రౌండ్ పార్కింగ్, బ్యాంకు, హోటల్ అన్నీ కలిపి 22 చోట్లు. స్క్రిప్టు 12 పేజీలు, మాటలు చాలావరకు నటులు అప్పటికప్పుడు అన్నవే. ఫిల్మ్ రీళ్ళ కాలంలో ఇది జరిగే పని కాదు. 35 ఎం.ఎం.లో వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలకే అయిపోయేది. డిజిటల్ వచ్చాక కూడా కొన్ని సినిమాలు ముక్కలుగా తీసి, చీకట్లోనో గోడ చాటునో అతుకు దాచేసి సింగిల్ షాట్ అనిపిస్తుంటాయి. ఇందులో అతుకే లేదు.

మొత్తం మూడుసార్లు తీశారు. మొదటిసారి అందరూ మరీ జాగ్రత్తపడిపోయారు. రెండోసారి అదుపు తప్పిపోయింది. మనం చూసింది మూడోసారి తీసినది. ఒకవేళ ఇది కుదరకపోతే ఎలా అని ముందే ముక్కలుగా తీసి ఒక వెర్షన్ కూడా ఎడిట్ చేసి పెట్టుకున్నారు. అది బాగా రాలేదని దర్శకుడే చెప్పుకున్నాడు. నటులు వాళ్ళే, కథ అదే. మరి అందులో లేనిదేమిటి?

నా సంగతి చెబుతాను. మొదటిసారి ఇంట్లో ల్యాప్‌టాప్‌లో చూస్తూ, ఇరవై నిమిషాలకే విసుగొచ్చి ముందుకు జరిపాను. తాగిన కుర్రాళ్ళు నలుగురు, వాళ్ళ వెంట ఒకమ్మాయి, పిచ్చాపాటీ కబుర్లు. నేరుగా దోపిడీ దగ్గరికి వెళ్ళిపోయాను. నాకేమీ పట్టలేదు. ఎవరో పరాయివాళ్ళు పరిగెడుతున్నట్టుంది. కొన్నాళ్ళ తర్వాత మొదటి నుంచీ ఓపిగ్గా చూశాను. అదే దోపిడీ దగ్గర ఊపిరి ఆడలేదు. సాగదీసిందని మనం అనుకున్న ఆ గంటలోనే వాళ్ళు మనవాళ్ళయిపోయారు. చెమట పట్టిందన్నవారూ విసుగొచ్చిందన్నవారూ ఒకే గంట గురించి చెబుతున్నారు.

కేఫ్‌లో పియానో సీను గుర్తు తెచ్చుకోండి. ఆ అమ్మాయి కూర్చుని ఫ్రాంజ్ లిస్ట్ అనే స్వరకర్త రాసిన ‘మెఫిస్టో వాల్ట్జ్’ వాయిస్తుంది. ఆ నలుగురిలో ఆమెకి దగ్గరైన జొన్నె నోరు తెరుచుకుని చూస్తుంటాడు. ఏళ్ళ తరబడి సాధన చేసి, చివరికి నువ్వు పనికిరావు అనిపించుకుని, మాడ్రిడ్ నుంచి వచ్చేసిన పిల్ల అని అప్పుడు తెలుస్తుంది మనకి. వాయించడం అయ్యాక కెమెరా ఆమె మొహం మీదే ఉండిపోతుంది. మామూలు సినిమాలో అక్కడ కట్ పడుతుంది, మనమూ కళ్ళు తుడుచుకుని తర్వాతి సీనుకి వెళ్ళిపోతాం. ఇక్కడ ఎటూ వెళ్ళలేం. ఆమె తేరుకునేదాకా మనమూ ఆ కుర్రాడితో పాటు అక్కడే, ఏం మాట్లాడాలో తెలియక.

అమ్మా, మీరు అడిగిన ప్రశ్నకి వస్తాను. ఊరు కాని ఊళ్ళో, అంత రాత్రివేళ, తెలియని మగపిల్లల వెంట ఎలా వెళ్తుంది? మా ఇంట్లో కూడా ఇదే అన్నారు. జర్మనీలో ఎం.ఎస్. చదివొచ్చిన మా స్నేహితుడి కొడుకు మాత్రం ఇంకోలా అన్నాడు. ‘అంకుల్, అక్కడ కొత్తలో ఆదివారం పూట ఎవరైనా పేరు పెట్టి పలకరిస్తే చాలు, వెంట వెళ్ళిపోవాలనిపించేది’ అన్నాడు. విక్టోరియాకి జర్మన్ భాష రాదు, ఆ ఊళ్ళో స్నేహితులు లేరు. పైగా ఆమె ఒక్కసారిగా దొంగల కారెక్కలేదు. ముందు ఒక బీరుకి సరే అంది. తర్వాత మేడ ఎక్కడానికి సరే అంది. ఆ తర్వాత కేఫ్ దాకా తోడు రావడానికి. ఆ నలుగురిలో బాక్సర్ అనేవాడి జైలు నాటి బాకీ ఒక గ్యాంగుకి తీర్చడానికి నలుగురు కావాలి, ఒకడు తాగి పడిపోయాడు, కాస్త కారు నడుపుతావా అంటే దానికీ సరే. ప్రతి ‘సరే’ మన కళ్ళ ముందే అంది. ఎక్కడ వెనక్కి తిరగాల్సిందో చెప్పమంటే నేను చెప్పలేను, ఎందుకంటే ఆ ప్రతి మలుపులోనూ నేనూ వెంటే నడిచాను. మీకు వచ్చిన కోపం సొంత మనిషి మీద వచ్చే కోపం. పరాయి పిల్ల మీద అంత కోపం రాదమ్మా.

ఇక బ్యాంకు. కెమెరా లోపలికి వెళ్ళదు. బయట కారులో ఆ అమ్మాయితోనే ఉండిపోతుంది. ఇంజన్ ఆగిపోతుంది, మళ్ళీ స్టార్ట్ కాదు. తాళం తిప్పడం, గుక్క తిప్పుకోలేకపోవడం, మళ్ళీ తిప్పడం. లోపల ఏం జరుగుతోందో ఆమెకి తెలియదు, మనకీ తెలియదు. కట్ అనేది ప్రేక్షకుడికి ఒక భరోసా. ఎక్కడో ఎడిటర్ ఉన్నాడు, సమయానికి బయటపడేస్తాడు అని. ఆ భరోసా లేనప్పుడు పట్టే టెన్షన్ వేరు.

నాకు నచ్చనిదీ ఉంది. పార్కింగ్‌లో ఆ గ్యాంగు బేరం చాలా సినిమాల్లో చూసిందే. పసిబిడ్డని అడ్డం పెట్టుకుని పోలీసుల నుంచి తప్పించుకోవడం నాకు నమ్మబుద్ధి కాలేదు. కెమెరా ఊపుకి కళ్ళు తిరిగాయని ఇద్దరు చెప్పారు. అది నిజమైన ఇబ్బందే, వెనక వరుసలో కూర్చుంటే కాస్త నయం. కానీ ఆ ఊపు ఒక మనిషిది. ఛాయాగ్రాహకుడు స్టుర్లా బ్రాంట్ గ్రోవ్లెన్ ఆ కెమెరా మోసుకుంటూ మెట్లెక్కి, కార్లలో దూరి, నటులతో సమానంగా పరిగెత్తాడు. చివర్లో పేర్లు పడేటప్పుడు అందరికంటే ముందు అతని పేరే వస్తుంది. 2015 బెర్లిన్ చిత్రోత్సవంలో ఛాయాగ్రహణానికి సిల్వర్ బేర్ అవార్డు కూడా వచ్చింది.

ఒక్క మాట అడుగుతాను. సినిమాలో ఎప్పుడు తెల్లారిందో మీలో ఎవరైనా గమనించారా? నాలుగుసార్లు చూశాను, ఇదీ అని వేలు పెట్టి చూపించలేకపోయాను. చీకట్లో మొదలైంది, చూస్తుండగా ఆకాశం బూడిద రంగుకి తిరిగింది, అంతలో పొద్దెక్కింది. ఆ వెలుగు కోసం ఎవరూ లైట్లు పెట్టలేదు.

ఇంటర్వెల్ ఎందుకివ్వలేదని కూడా అడిగారు. ఇస్తే ఆ పొద్దు పొడవడం మనకి దక్కేది కాదు.

చివర్లో జొన్నె హోటల్ గదిలో చనిపోయాక ఆ అమ్మాయి డబ్బు సంచితో వీధిలోకి వస్తుంది. రాత్రంతా చేయి చాస్తే అందేంత దూరంలో ఉన్న కెమెరా అప్పుడు ఆగిపోతుంది. ఆమె ఒక్కతే అలా నడిచి వెళ్ళిపోతుంది. ఇందాక అక్కడ ముందు వరుసలో ఒకమ్మాయి సీట్లో కాస్త ముందుకు వంగింది. నేను చూశాను.