లంకని తిరగేస్తే

పెద్దలకి, తల్లులకి, పిల్లలకి నమస్కారం. సార్వా మాసూళ్ళు జరుగుతున్న రోజులివి. కళ్ళాల్లో ధాన్యం ఆరబోసుకుని, ఎక్కడ మబ్బు పడుతుందోనని ఆకాశం కేసి చూస్తూ కూర్చునే రోజులు. అయినా పని మానుకుని గ్రంథాలయ వారోత్సవాలకి ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం.

నన్ను గళ్ళనుడికట్టు, అదే క్రాస్‌వర్డ్, గురించి మాట్లాడమన్నారు. ఈ గ్రంథాలయం గోడ మీద నెలకి ఒకటి చొప్పున నేను కూర్చి అంటిస్తున్న సంగతి మీలో చాలామందికి తెలుసు. దాని గురించి చెప్పే ముందు బోర్డు మీద ఒక ఆధారం రాస్తాను, చూడండి.

"గోదారి మధ్య నేల. తిరగేస్తే రాసుకోవచ్చు. రెండు గళ్ళు."

వెనక బెంచీలోంచి జవాబు అప్పుడే వచ్చేసింది. లంక. మొదటి గడిలో లం, రెండో గడిలో క. ఇప్పుడు వెనకనుంచి చదవండి. కలం.

నేను లంకలో పుట్టాను. చిన్నప్పుడు పుస్తకాల సంచీ తల మీద పెట్టుకుని పడవెక్కి బడికి వచ్చేవాణ్ణి. తర్వాత ముప్ఫై ఏళ్ళకి పైగా బడిలో పాఠాలు చెప్పుకుని బతికాను. ఈ రెండు మాటలూ ఒకదాంట్లో ఒకటి దాగి ఉన్నాయని ఒక రాత్రి గళ్ళు గీసుకుంటుంటే కనబడింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఎప్పటినుంచో నా పక్కనే ఉన్న మాటలు కదా, ఇన్నాళ్ళూ ఎలా చూడలేదా అనిపించింది.

ఇది తెలుగులో చక్కగా కుదిరే పని. ఇంగ్లీషు గళ్ళలో గడికి ఒక లెటర్ వేస్తారు. లంకని అలా ఐదు ముక్కలు చేసి తిరగేస్తే అర్థం లేని చప్పుడు మిగులుతుంది. మన గడిలో మాత్రం గుణింతమూ ఒత్తూ సున్నా అన్నీ కలిసిన నిండు అక్షరం కూర్చుంటుంది. "స్త్రీ" అన్న మాటంతా ఒక్క గడి. "కృష్ణ" రెండు గళ్ళు. లకారం పక్కనున్న సున్న ఆ లకారాన్ని వదిలిపెట్టదు, అది ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. అందుకే లంక కలమైంది.

ఈ ఆటకి మొదట గళ్ళు గీసినవాడు ఆర్థర్ విన్. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో పుట్టి అమెరికా వెళ్ళి పత్రికలో పనిచేశాడు. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ అనే పత్రికలో మొదటిది వచ్చింది. పలక ఆకారంలో కాకుండా గాలిపటంలా ఉంటుంది. పేరు కూడా ముందు "వర్డ్ క్రాస్", కొద్ది వారాల్లో అది అటూ ఇటూ మారి క్రాస్‌వర్డ్ అయ్యింది. తెలుగులోకి వచ్చాక శ్రీశ్రీ "పదబంధ ప్రహేళిక" అన్న పేరుతో కూర్చారు, ఆరుద్ర కూడా కూర్చారు.

అయితే గళ్ళ కాగితం అక్కడినుంచి వచ్చినా, గళ్ళ ఆలోచన మనకి కొత్త కాదు. మీలో అవధానం చూసినవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. న్యస్తాక్షరిలో పృచ్ఛకుడు, అంటే ప్రశ్న అడిగేవాడు, అవధాని చెప్పబోయే పద్యానికి ఏం షరతు పెడతాడు? "రెండో పాదంలో ఐదో అక్షరం ఇది కావాలి, మూడో పాదంలో తొమ్మిదో అక్షరం అది కావాలి" అంటాడు. గళ్ళలో ముందే కొన్ని అక్షరాలు వేసి మిగతావి పూరించమనడం ఇదే కదా. ఇక వ్యస్తాక్షరిలో ఒక వాక్యాన్ని అక్షరాలుగా విడగొట్టి, వరస తప్పించి, నంబరుతో ఒక్కొక్కటీ చీటీ మీద అందిస్తారు. అవధాని మధ్యలో పద్యాలు చెబుతూనే ఆ చెల్లాచెదురైన అక్షరాలని మనసులో గళ్ళలో పేర్చుకుని చివరికి వాక్యమంతా అప్పజెబుతాడు. మనం పెన్సిలూ రబ్బరూ పెట్టుకుని చేసేది వాళ్ళు ఒట్టి ధారణతో చేశారు. అవధానాన్ని ఊరూరా తిప్పిన తిరుపతి వేంకట కవులు ఇద్దరూ మన నేల వాళ్ళే. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారిది భీమవరం దగ్గర యండగండి. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు పుట్టింది, ఇప్పుడు మనం మొక్కలు కొనుక్కోవడానికి వెళ్ళే కడియంలో. నా మటుకు నేను గళ్ళు గీయడానికి కూర్చున్నప్పుడల్లా వాళ్ళనే తలుచుకుంటాను.

ఇక అసలు సంగతి, ఆధారాలు. చదరంగంలా ఇది తెలివికి మాత్రమే సంబంధించిన ఆట కాదు. అన్ని సబ్జెక్టులూ ఇందులోకి వస్తాయి. ఊళ్ళు, మందులు, పంటలు, రాజులు, చేపలు, గ్రహాలు, అన్నీ. ఇలాంటిదాన్ని కూర్చేవాడికి ఒక ప్రమాదం ఉంది. ఆధారం పరీక్ష ప్రశ్న అయిపోతుంది. జవాబు తెలిసినవాడు రాస్తాడు, తెలియనివాడు పెన్సిలు పక్కన పెట్టేస్తాడు. నాకు అది ఇష్టం లేదు. తెలియనివాడికి కూడా దారి ఉండాలి. ఒక జవాబు ఇంకో జవాబుని అడ్డంగా కోసేది అందుకే.

రెండేళ్ళ కిందట ఒక ఆధారం ఇచ్చాను. "గుంటూరులో గ్రహణం చూస్తే జాడ తెలిసిన వాయువు. మూడు గళ్ళు." 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గుంటూరులో పరికరాలు పెట్టుకుని చూశాడు. ఆ గ్రహణం రోజున సూర్యకాంతిలో కనబడిన ఒక పసుపు గీత అప్పటికి తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. సూర్యుడి గ్రీకు పేరుతో దానికి హీలియం అని పేరు పెట్టారు. భూమ్మీద అది దొరికింది 1895లో. ముందు సూర్యుడిలో దొరికి, తర్వాత నేల మీద దొరికిన పదార్థం అన్నమాట.

మన రైతు ఒకాయన సాయంత్రం ఆ గళ్ళ ముందు నిలబడ్డాడు. ఆయనకి హీలియం పేరు తెలియదు. కానీ నిలువు ఆధారం ఆయనదే, వ్యవసాయం. నాలుగో గడిలో "యం" పడింది. అదే హీలియం చివరి గడి. పక్కనే ఇంటర్ చదివే ఆయన కూతురు ఉంది. "నాన్నా, యంతో అయిపోయేవి మాకు చాలా ఉన్నాయి" అంది. సోడియం మూడు గళ్ళే, కానీ అది వాయువు కాదు. రేడియం మూడు గళ్ళే, అదీ కాదు. మూడు గళ్ళలో ఇమిడే వాయువు ఒక్కటే మిగిలింది. ఆ రోజు ఆ గడి నింపింది తండ్రా కూతురా అంటే నేను చెప్పలేను. నేను కూర్చినవాటిల్లో నాకు బాగా నచ్చిన కూడలి అది.

మన డెల్టాలోంచే వచ్చే ఆధారాలు చూడండి. "మార్టేరులో పుట్టి బంగారం పేరు పెట్టుకున్న వరి. రెండు గళ్ళు." స్వర్ణ. ఎం.టి.యు. 7029 అని సంచుల మీద ఉంటుంది కదా, ఆ ఎం.టి.యు. అంటే మార్టేరే. దాని తమ్ముడు లాంటి 1010 రకానికి కాటన్‌దొర సన్నాలు అని పేరు. 1847లో మొదలుపెట్టి 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన ఆర్థర్ కాటన్ పేరు రాతి విగ్రహాల మీదే కాదు, వరి గింజ మీద కూడా నిలిచింది. ఆయనా ఆర్థరే, గళ్ళు గీసిన విన్ కూడా ఆర్థరే. అందుకని ఒకసారి "ఆనకట్ట కట్టినవాడు, గళ్ళు కట్టినవాడు. మూడు గళ్ళు" అని ఇచ్చాను. ఆ, ర్థ, ర్. ఇక్కడ ఒక చిక్కు. చివరి పొల్లు "ర్"కి గడి ఇవ్వాలా, ముందు అక్షరంతో కలపాలా? నేను విడి గడి ఇస్తాను. కలిపేవాళ్ళూ ఉన్నారు. రెండింట్లో ఏదైనా సరే, పూరించేవాళ్ళకి ముందే చెప్పాలి, మధ్యలో మార్చకూడదు.

ఒకే జవాబుకి ఎన్ని దారులుంటాయో చెప్పడానికి నేనెప్పుడూ కోరంగి మాటే చెబుతాను. కో, రం, గి. ధవళేశ్వరంలో చివరి "రం" దీని నడిమి గడిని చక్కగా కోస్తుంది. పిల్లలకైతే "మడ అడవులున్న రేవు ఊరు" అంటే చాలు, పడవ షికారుకి వెళ్ళొచ్చారు కాబట్టి రాసేస్తారు. కాలేజీ పిల్లలకైతే "1839 తుపానుకి తుడిచిపెట్టుకుపోయిన రేవు" అంటాను. అంతకు ముందు 1789లో కూడా కోరంగిని సముద్రం ముంచింది. హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన కలకత్తాలో కూర్చుని ఇలాంటి తుపాన్ల లెక్కలన్నీ పోగుచేసి, పాము చుట్ట చుట్టుకున్నట్టు గాలి తిరుగుతుందని చెప్పి "సైక్లోన్" అన్న మాట పుట్టించాడు. ఇవాళ టీవీలో ఆ మాట వినబడితే మనకి గుండె దడ. ఇక పెద్దవాళ్ళకైతే ఇంకో ఆధారం ఇస్తాను. "బర్మాలో తెలుగువాడి పేరు ఈ ఊరినుంచే." రంగూన్ వెళ్ళిన మనవాళ్ళని అక్కడ కోరంగీలు అనేవారు. ఓడెక్కిన రేవు పేరే మనిషి పేరైపోయింది. 1942లో జపాన్ వాళ్ళు వచ్చినప్పుడు అడవుల వెంట నడిచి తిరిగొచ్చినవాళ్ళ మనవలు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. ఆ ఆధారం ఇచ్చిన నెల ఒక ముసలాయన గోడ ముందు చాలాసేపు నిలబడి, జవాబు రాయకుండానే వెళ్ళిపోయారు. జవాబు ఆయనకి తెలుసు.

యానాం గురించి ఎక్కువ చెప్పను. "తెలుగు ఊరే, పాలన పుదుచ్చేరిది. రెండు గళ్ళు." 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది. ఇది అందరూ రాసేస్తారు.

బోదకాలు గురించి మాత్రం చెప్పాలి. మా మామ్మకి ఉండేది. పెళ్ళిళ్ళకి వెళ్ళినా చీర కుచ్చెళ్ళు కిందకి లాక్కుంటూ గోడవారగా కూర్చునేది. నిలవ నీళ్ళలో పెరిగే క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే సన్నటి పురుగు వల్ల వచ్చే జబ్బు అది. మన కాలవలూ మురుగు గుంటలూ దానికి పుట్టిల్లు. దానికి డి.ఇ.సి. మాత్ర వచ్చింది అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలనుంచి. అక్కడ ఆ పరిశోధన నడిపించినది యల్లాప్రగడ సుబ్బారావుగారు, 1895లో భీమవరంలో పుట్టినవాడు. చదువు కోసం సముద్రం దాటి మళ్ళీ స్వదేశం రాకుండానే 1948లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆయన పంపినట్టే ఆ మాత్ర మాత్రం తిరిగి తన ఊరికే వచ్చింది. ఇప్పటి పిల్లలు ఆ జబ్బుని ఎక్కువగా చూడలేదు. చూడకపోవడమే మంచిది, కానీ పేరు తెలియాలి. అందుకే "భీమవరం బిడ్డ మందు తెచ్చిన మన జబ్బు. నాలుగు గళ్ళు" అని అడ్డం ఇచ్చాను. మూడో గడి "కా" నుంచి కిందకి నిలువు దిగుతుంది. దాని ఆధారం "అవయవం చివర వ చేరితే చేలకి నీళ్ళు". కాలువ. అన్నం పెట్టే నీరూ జబ్బు తెచ్చిన నీరూ ఒకే గడి దగ్గర కలిశాయి.

నా తప్పు ఒకటి కూడా చెప్పుకోవాలి. 2022 జూన్‌లో కొత్తది కూర్చడానికి తీరిక లేక పాత గళ్ళే అంటించాను. అందులో "పశ్చిమ గోదావరి జిల్లా ముఖ్యపట్టణం, మూడు గళ్ళు" అని ఉంది. నా జవాబు ఏలూరు. కానీ అంతకు రెండు నెలల ముందే, ఏప్రిల్ 4న జిల్లాలు మారిపోయాయి. పశ్చిమ గోదావరికి భీమవరం, తూర్పు గోదావరికి రాజమహేంద్రవరం, మన కోనసీమకి అమలాపురం. ఏడో తరగతి పిల్లాడు మూడు గళ్ళలో భీమవరం ఇరికించడానికి తంటాలు పడి, పట్టక, తనకే తెలియలేదనుకుని ఏడుపు మొహంతో నా దగ్గరికొచ్చాడు. వాడిది తప్పు కాదు, నాది. వాడికి క్షమాపణ చెప్పి ఆ కాగితం చింపేశాను. అప్పటినుంచి గోడ మీద అంటించే ముందు ప్రతి ఆధారాన్నీ మళ్ళీ చూస్తాను. ప్లూటో 2006 దాకా గ్రహం, తర్వాత కాదు. లోకం మారినప్పుడు గళ్ళు కూడా మారాలి.

మాటల స్పెల్లింగ్ దగ్గర కూడా నాకు టెన్షన్ తప్పదు. పిఠాపురం మహారాజావారి పేరు మీద వచ్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ఈ బీరువాలోనే ఉంది, సందేహం వస్తే అదే తీస్తాను. కానీ మన ఇళ్ళల్లో పలికే తీరు అన్నిసార్లూ అందులో దొరకదు. ఇప్పుడు అలాంటిదే ఒకటి నన్ను పట్టుకుంది. మీ సాయం కావాలి.

వరద నీటికి ఎదురీది సముద్రంలోంచి గోదారిలోకి వచ్చే పులస మీద ఆధారం కూర్చాలని చాన్నాళ్ళుగా ఉంది. సముద్రంలో ఇలస, గోదారి నీళ్ళు తాగితే పులస. పు, ల, స. తిరగేస్తే స, ల, పు. ఎదురు తిరిగే చేపకి ఎదురు తిరిగే మాట, ఇంతకంటే ఏం కావాలి? కానీ పుస్తకాల్లో "సలుపు" అని ఉంటుంది, నడిమి అక్షరానికి కొమ్ముంటుంది. మా ఇంట్లో మామ్మ మాత్రం "కాలు సలపుతోందిరా" అనే అనేది. అది మా ఇంటి మాటేనా, మీ ఇళ్ళల్లోనూ అలాగే అంటారా? ఇంటికెళ్ళి పెద్దవాళ్ళని అడిగి, వాళ్ళెలా అంటారో అలాగే చీటీ మీద రాసి బల్ల మీదున్న డబ్బాలో వెయ్యండి. "సలపు" అనేవాళ్ళు తగినంతమంది ఉంటే వచ్చే నెల మూడో నిలువులో పులస ఉంటుంది.