తాళానికి ఒక వెంట్రుకవాసి వెనక: డి ఏంజెలో సంగీతం

శ్రోతలకు నమస్కారం.

2025 అక్టోబర్ 14న అమెరికన్ గాయకుడు డి ఏంజెలో క్యాన్సర్‌తో కన్నుమూశారు. వయసు 51 ఏళ్లు. చేసిన స్టూడియో ఆల్బమ్‌లు మూడే. నియో సోల్, అంటే నల్లవాళ్ల పాత సోల్ పాటకు హిప్ హాప్ దరువు కలిపిన సంగీతం, ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, నేను వాటిలో రెండోది, 2000 జనవరిలో వచ్చిన ‘వూడూ’ పెట్టి వినమంటాను.

ఆయన అసలు పేరు మైకేల్ యూజీన్ ఆర్చర్. వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో, ఒక పెంతెకొస్తు పాస్టర్ ఇంట్లో పుట్టారు. చిన్ననాడే చర్చిలో వాయించడం మొదలుపెట్టారు. నల్లవాళ్ల చర్చిలో పాటంటే ఒకరు పాడుతుంటే మిగతావాళ్లు ఊరికే కూర్చుని వినేది కాదు. ఒకరు అందిస్తే కాయిర్ అందుకుంటుంది, జనం బదులు పలుకుతారు. ‘వూడూ’లో వినిపించే ఆ గొంతుల గుంపు దాదాపు అంతా ఆయనే! ఒక్కో వరుసా విడిగా పాడి, ఒకదాని మీద ఒకటి చేర్చుకుంటూ పోయారు. మాటలు స్పష్టంగా తెలియవని కొందరంటారు. నిజమే. కానీ ఆ గొంతును మరో వాయిద్యం అనుకుని వినండి, ఆ లోటు తెలియదు.

ఇక దరువు సంగతి. నాకు ప్రాణం అదే. డెట్రాయిట్‌లో జె డిల్లా అనే హిప్ హాప్ నిర్మాత ఉండేవారు. డ్రమ్ మెషీన్‌లో దెబ్బలన్నిటినీ కచ్చితంగా తాళం మీదికి సర్దే సదుపాయం ఒకటుంటుంది. డిల్లా దాన్ని పక్కనపెట్టి, కొన్ని దెబ్బల్ని కావాలనే అటూ ఇటూ జరిపేవారు. డి ఏంజెలో ఆ లయను మనుషుల చేత వాయించారు. డ్రమ్స్ మీద ఫిలడెల్ఫియాకు చెందిన క్వెస్ట్‌లవ్. గడియారంలా వాయించగల మనిషి. ఆయన్ని పట్టుకుని, ఇంకా వదులుగా, ఇంకా తూలుతున్నట్టు వాయించమన్నారు. వేల్స్ నుంచి వచ్చిన పీనో పల్లాడీనో బేస్ గిటార్ ఇంకాస్త ఆలస్యంగా వచ్చి వాలుతుంది. పాట ఇప్పుడు జారిపోతుందేమో అనిపిస్తుంది, జారదు. అది పొరపాటు కాదు, గంటల తరబడి చేసిన సాధన.

ఆ సాధన జరిగింది న్యూయార్క్‌లో, గిటారిస్ట్ జిమి హెండ్రిక్స్ కట్టించిన ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోలో. పాత కచేరీల వీడియోలు చూసేవారు, గాయకుడు ప్రిన్స్ పాటలు వాయించుకునేవారు, అందులోంచే కొత్త పాట పుట్టేది. రాయ్ హార్‌గ్రోవ్ ట్రంపెట్‌తో జాజ్ కూడా వచ్చి చేరింది. చర్చి పాట, దరువు బలంగా ఉండే ఫంక్, జాజ్, హిప్ హాప్ అన్నీ ఒకే గదిలో, ఒకే టేప్ మీద.

నియో సోల్ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చింది డి ఏంజెలో మేనేజర్‌గా పనిచేసిన కేదార్ మాసెన్‌బర్గ్. తను చేసేది నల్లవాళ్ల సంగీతమనే డి ఏంజెలో చెప్పుకున్నారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

‘వూడూ’కు గ్రామీ వచ్చింది. చొక్కా లేకుండా కనిపించిన ఒక పాట వీడియో వల్ల జనం ఆయన పాటకన్నా ఒంటినే ఎక్కువ చూశారు. అది ఆయన్ని బాగా బాధపెట్టింది. తర్వాతి ఆల్బమ్ ‘బ్లాక్ మెస్సయ్య’ 2014 డిసెంబర్‌లో గానీ రాలేదు.

కొత్తగా వినేవాళ్లు ‘వూడూ’లోని ‘స్పానిష్ జాయింట్’తో మొదలుపెట్టండి, తర్వాత ‘సెండ్ ఇట్ ఆన్’ వినండి. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, బేస్ పూర్తిగా పోతుంది. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.