మీరు అడగలేదు కదండీ

సంఘ పెద్దలకు, అమ్మలకు, గుమ్మం దగ్గర నిలబడ్డ కుర్రాళ్లకు వందనాలు. లోపలికి రండి నాన్నా, కుర్చీలున్నాయి.

క్రైస్తవ జీవితంలో క్రమశిక్షణ గురించి మాట్లాడమన్నారు. నన్ను పిలవడంలో తప్పు లేదు. మా సంఘంలో పద్నాలుగేళ్లు హాజరు పుస్తకం రాసింది నేనే. ఎవరొచ్చారు, ఎవరు ఆలస్యం, ముసుగు వేసుకోనిది ఎవరు, అన్నీ గళ్లు కొట్టి మరీ రాసేవాణ్ణి.

కోనసీమలో 1996 నవంబరు 6 రాత్రి చూసినవాళ్లకి తుపాను అన్న మాట వింటేనే గుండెల్లో దడ. ఆ తర్వాత రెండు మూడేళ్లకి, ఒక శనివారం రేడియోలో వాయుగుండం అన్నారు. వరి కోసి పనల మీద ఉంది. మర్నాడు మా సంఘంలో కూలి చేసుకునే ఒకామె మందిరానికి రాలేదు. మొగుడితో కలిసి చేలో కట్టలు కట్టి కుప్ప వేస్తోందని ఎవరో చెప్పారు. ప్రభువు దినాన పని చేసింది కాబట్టి నెల రోజులు ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు భోజనానికి, దూరంగా ఉంచాలని సంఘ కూటంలో లేచి అన్నది నేనే. ఎవరూ కాదనలేదు. నాలుగు ఆదివారాలు రొట్టె పళ్లెం ఆమెను దాటుకుని పక్క మనిషి దగ్గరికి వెళ్లింది. ఆమె ముసుగు సర్దుకుని తల దించుకునేది. పళ్లెం పట్టుకున్నదీ నేనే.

సంక్రాంతికి గానీ తెలియలేదు. ఆ చేను ఆమెది కాదు, మందిరం గడప తొక్కని పక్కింటి కౌలు రైతుది. ఆయన కాకినాడలో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. వీళ్లిద్దరూ పైసా తీసుకోకుండా కుప్ప వేసి వచ్చారు.

"అప్పుడే చెప్పొచ్చు కదమ్మా" అన్నాను.

"మీరు అడగలేదు కదండీ. రాలేదని రాసుకున్నారు" అంది. కోపంగా కూడా అనలేదు.

లూకా సువార్త 13వ అధ్యాయంలో పద్దెనిమిదేళ్లుగా నడుము వంగిపోయిన ఆడమనిషిని యేసు విశ్రాంతి దినాన బాగుచేస్తాడు. సమాజమందిరపు అధికారికి కోపం వస్తుంది. కానీ యేసుని అనడు, జనాన్ని అంటాడు: పనికి ఆరు రోజులున్నాయి, అప్పుడు రండి అని. (పెద్దరికానికి ఈ అలవాటుంది.) యేసు జవాబు మన పశువుల పాకలోంచి వచ్చినట్టే ఉంటుంది: విశ్రాంతి దినాన మీరు ఎద్దునో గాడిదనో విప్పి నీళ్లకి తోలుకెళ్లరా? ఆ ఆదివారం పొద్దున్నే గేదెకి కుడితి పెట్టి, పాలు పిండి, చేతులు కడుక్కుని మందిరానికి వెళ్లినవాణ్ణి నేను.

1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లండు నుంచి వచ్చి, తర్వాత నరసాపురం, పాలకొల్లు వైపు సువార్త చెప్పారు. ఆ మాట విన్న మనవాళ్లలో చాలామందికి నియమాలు కొత్త కాదు. ఈ వీధిలోకి రాకు, ఆ నూతిలో చేద వెయ్యకు. పుట్టినప్పటి నుంచీ అవే. వాళ్లు ఇంకో జాబితా కోసం బాప్తిస్మం తీసుకోలేదు. పక్కన కూర్చోబెట్టుకునే దేవుడున్నాడంటే వచ్చారు.

అయితే ఆదివారం మానేయొచ్చా అని కుర్రాళ్లు అప్పుడే నవ్వుతున్నారు. అది కాదు. పుదీనాలో, జీలకర్రలో కూడా పదో వంతు లెక్కపెట్టి ఇచ్చిన పరిసయ్యులతో, అంటే నియమాల్లో పట్టింపు ఎక్కువున్న ఆనాటి యూదు మతనిష్ఠాపరులతో, యేసు అది మానమనలేదు. న్యాయాన్ని, కనికరాన్ని వదిలేశారేమన్నాడు. కాలువకి గట్టు కావాలి. కానీ వేసవిలో కాలువ కట్టేశాక, గట్టు బాగుంది కదా అని ఎవడైనా నారు పోస్తాడా?

ఆ పుస్తకం ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఆ ఆదివారం గడిలో ఆమె పేరుకి ఎదురుగా ఎర్ర సిరాతో సున్నా. నా పేరుకి ఎదురుగా, హాజరు.