పగడాల మీద రాలే మేత

వ్యాఖ్యాత: పగడాలు అనగానే ఎండ, వెచ్చని సముద్రం గుర్తొస్తాయి. నార్వే చలి నీళ్లలో పగడాలా?

అతిథి: ఉన్నాయండీ, లోఫీలియా అనే జాతి. వెచ్చని సముద్రపు పగడాల్లోలా ఎండతో తిండి తయారుచేసే నాచు వాటి ఒంట్లో ఉండదు కాబట్టి ఎండతో పని లేదు. ప్రవాహం మోసుకొచ్చే చిన్న జీవులనే పట్టుకుని తింటాయి. పెరిగేది ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు, మహా అయితే రెండున్నర సెంటీమీటర్లు. అలా పెరుగుతూనే, 2002లో నార్వే తీరంలో బయటపడిన రోస్ట్ పగడాల దిబ్బ 35 కిలోమీటర్ల పైచిలుకు పొడవుంది! ట్రాండ్‌హైమ్ ఫియోర్డ్‌లోనైతే, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, 40 మీటర్ల లోతులోనే కనిపిస్తాయి.

వ్యాఖ్యాత: సాల్మన్ చేపలను పంజరాల్లో పెంచేదీ ఫియోర్డ్‌లలోనే కదా?

అతిథి: అవును, ఏటా పది లక్షల టన్నులకు పైగా. పంజరమంటే వలే కాబట్టి మిగిలిన మేత గుళికలు, చేపల మలం కిందికి జారిపోతాయి. నీరు కదలని చోట అడుగున అదంతా పేరుకుని కుళ్లిపోయేది. దాంతో పంజరాలను లోతూ ప్రవాహమూ ఉన్న చోట్లకు జరిపారు. పగడాలు కోరుకునేదీ సరిగ్గా అలాంటి చోటే!

వ్యాఖ్యాత: తిండి నోటి దగ్గరికే వస్తుంటే మంచిదే కదా?

అతిథి: నేనూ మొదట అలాగే అనుకున్నాను. కొంత తింటాయి కూడా. కానీ మీద పడిన చెత్తను వదిలించుకోవడానికి పాలిప్, అంటే పగడంలోని ఒక్కో చిన్న జీవి, జిగురు స్రవించాలి. రేణువులు అందులో చుట్టుకుని జారిపోతాయి. ఆ జిగురు ఊరికే రాదు, ఒంట్లో దాచుకున్నది ఖర్చవుతుంది. పొద్దస్తమానం ఇల్లు ఊడ్చుకుంటూ ఉంటే వంట ఎప్పుడు చేస్తాం? పంజరాలకు దగ్గరున్న పగడాల్లో శక్తి నిల్వలు తగ్గి, ఎదుగుదల మందగించడం పరిశోధకులు గమనించారు. చేపల ఒంటికి పట్టే పేనుకు వాడే మందులు, వలలకు నాచు పట్టకుండా పూసే రాగి లోహం అదనం.

వ్యాఖ్యాత: తనిఖీలు ఉండవా?

అతిథి: ఉంటాయి. కాకపోతే ఉక్కు దవడలున్న తొట్టెను దించి, మట్టిని తోడి, అందులోని పురుగులను లెక్కపెట్టడం మామూలు పద్ధతి. పగడాలుండేది రాతి గోడల మీద. తొట్టె రాతికి ఠంగున తగిలి ఖాళీగా పైకొస్తుంది. పగడానికి తగిలితే కొమ్మ విరుగుతుంది. అక్కడ కెమెరాయే దించాలి.

వ్యాఖ్యాత: కెమెరాలో తేడా తెలుస్తుందా?

అతిథి: బతికున్న కొమ్మ తెల్లగానో నారింజ రంగులోనో ఉంటుంది. చచ్చినది బూడిద రంగుకు తిరిగి, స్పాంజ్‌లు తొలిచి గుల్లబారి ఉంటుంది. చిక్కంతా ఈ రెండింటికీ మధ్య ఉన్న దానితోనే. పైకి తెల్లగానే ఉంటుంది, లోపల నిల్వలు అడుగంటి ఉంటాయి. అది తేలాలంటే చిన్న ముక్క కోసి ప్రయోగశాలకు పంపాల్సిందే.