మార్జరీ ఉత్తరం

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, సభలో ఉన్న అందరికీ నమస్కారం. ప్రేమ చిహ్నాల గురించి మాట్లాడమన్నారు. పువ్వు, ఉంగరం, తాళంకప్ప, ఉత్తరం... వరసగా చెప్పుకుందామనే వచ్చాను.

మన్మథుడితో మొదలుపెడతాను. చెరకు విల్లు, తుమ్మెదల నారి, ఐదు పూల బాణాలు. అరవిందం, అశోకం, చూతం, నవమల్లిక, నీలోత్పలం. వీటిలో ఒక్కటైనా వారం రోజులు నిలుస్తుందా? ప్రేమదేవుడి చేతికి మన పూర్వులు వాడిపోయే ఆయుధాలే ఇచ్చారు. ఆ ఊహంటే నాకెంతో ఇష్టం.

మరి వజ్రం? 'వజ్రం శాశ్వతం' అని అర్థమొచ్చే ఆంగ్ల వాక్యాన్ని 1947లో ఫ్రాన్సిస్ గెరెటీ అనే ప్రకటనల రచయిత్రి డీ బీర్స్ అనే వజ్రాల కంపెనీ కోసం రాసింది. వజ్రపుటుంగరాలు అంతకుముందూ ఉన్నాయి. 1477లో ఆస్ట్రియా రాకుమారుడు మాక్సిమిలియన్, బర్గండీ రాకుమారి మేరీకి ఒకటి ఇచ్చాడంటారు. అది రాకుమారుల సంగతి. ఉంగరం కొనలేనివాడి ప్రేమ తక్కువదన్న బెంగను మామూలు మనుషులకు అంటగట్టడంలో మాత్రం ప్రకటనల పాత్ర చాలా ఉంది. నా కోపం దానిమీదే.

పారిస్‌లో పాంట్ దెజార్ వంతెన ఉంది. జంటలు కటకటాలకు తాళాలు బిగించి, తాళంచెవులు సెన్ నదిలోకి విసిరేసేవారు. ఆ బరువుకు 2014లో ఒకచోట కటకటాలు కూలాయి. మరుసటి ఏడు నగరపాలకులు తాళాలన్నీ తీయించారు. సుమారు 45 టన్నులు!

1477 అన్నాను కదా, అక్కడే ఆగుతాను. మిగతా చిహ్నాలు వదిలేస్తున్నందుకు అధ్యక్షులు మన్నించాలి. అదే ఏడు ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో మార్జరీ బ్రూస్ అనే అమ్మాయి, జాన్ పాస్టన్ అనే అబ్బాయికి ఉత్తరం రాయించింది. అందులో అతన్ని 'నా వాలెంటైన్' అంది. ఇంగ్లిషులో ఇప్పటికి దొరికిన వాలెంటైన్ ఉత్తరాల్లో అన్నిటికన్నా పాతదిగా దీన్నే చెబుతారు.

ఇంతకీ అందులో ఏముంది? కట్నం గొడవ! అవునండీ, కట్నమే. మార్జరీ తండ్రి ఇస్తానన్నది అబ్బాయి తరఫువాళ్లకు చాల్లేదు. మార్జరీ వాళ్లమ్మ ఆయన్ను బతిమాలింది, ఆయన ఇంకొక్క కాసు పెంచనన్నాడు. అప్పుడు ఆ పిల్ల ఏం చెప్పిందంటే, నీ కబురు అందేదాకా నా ఒంట్లోనూ బాగోదు, మనసూ బాగోదు. నువ్వు నన్ను ప్రేమిస్తే, ప్రేమిస్తున్నావనే నా నమ్మకం, ఈ కారణంగా నన్ను వదులుకోవు అని. మరో కంటికి ఈ కాగితం పడనివ్వొద్దని కూడా వేడుకుంది.

ఏ దుకాణంలో దొరుకుతుందండీ ఇది? వేలమంది తాళాలు ఒక్కలాగే ఉంటాయి. ఈ ఉత్తరం మార్జరీ తప్ప ఇంకెవరూ రాయలేరు. ఆమె భయం, ఆమె తండ్రి పట్టుదల, ఆమె నమ్మకం అన్నీ అందులోనే ఉన్నాయి. ఇక్కడ కూర్చున్న అబ్బాయిలూ, ఒక్కమాట అడుగుతాను. ఇలాంటి ఉత్తరం మీకొస్తే, ఇంట్లో పెద్దవాళ్లు ఇంకా బేరం సాగదీస్తుంటే, మీరు నోరు విప్పుతారా?

జాన్ ఆమెనే పెళ్లి చేసుకున్నాడు. పెళ్లయిన కొన్నేళ్లకు, అతను లండన్‌లో ఉండిపోయినప్పుడు ఆమె మళ్లీ రాసింది: అక్కడే ఆలస్యమయ్యేటట్టుంటే నన్నూ పిలిపించుకో, నీ కౌగిట్లో పడుకుని చాలాకాలమైందనిపిస్తోంది అని.

ఇవన్నీ మనకు దక్కింది ఆ కుటుంబం కాగితాలు పారేయకపోవడం వల్ల. ఆ వాలెంటైన్ ఉత్తరం ఇవాళ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అమ్మమ్మల పెట్టెల్లో, తాతయ్యల బీరువాల్లో ఇలాంటివి ఉంటాయి. ఇల్లు సర్దేటప్పుడు చిత్తుకాగితాల్లో కలపకండి. వాళ్లు బతికుంటే అడిగి చదవండి. ఫోన్లో రాసుకునేవాళ్లూ, మీకు ముఖ్యమైన నాలుగు మాటలైనా కాగితం మీదికి ఎక్కించి, తేదీ వేసి దాచండి. సెలవు.