చెమట లెక్క
(సైన్స్ దినోత్సవ సభలో ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదవాలి గానీ, పిల్లలు ఎండలో కూర్చున్నారు. అందరికీ కలిపి ఒక్కటే దండం.

పిల్లలూ, నుదురు తుడుచుకోండి. చేతికంటిన ఆ తడే ఇవాళ్టి పాఠం. మన ఒంటి మీద 20 నుంచి 40 లక్షల చెమట గ్రంథులున్నాయి. చింపాంజీ చర్మం కంటే మన చర్మంలో అవి దాదాపు పది రెట్లు దట్టం. లీటరు చెమట ఒంటి మీదే ఆరితే దాదాపు 580 కిలోకేలరీల వేడి పోతుంది. కుక్క రొప్పుతుంది, బర్రె చెరువులో దిగుతుంది, మనిషి చెమటోడుస్తాడు. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో శాన్ తెగ వేటగాళ్లు మిట్టమధ్యాహ్నం జింకను గంటల తరబడి తరిమి, అది వేడికి కూలబడ్డాక పట్టేవారు. ఒంటి మీద బొచ్చు పలచబడి చెమట పెరగడం వల్లే మన పూర్వీకులు ఎండలో తిరగగలిగారని చాలామంది శాస్త్రజ్ఞుల మాట.

అయితే చెమటకు నీళ్లు కావాలి. పోయినన్ని మళ్లీ తాగాలి. ఇక్కడే మా నాయిన గుర్తొస్తాడు.

మాది నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు. నాయిన కంకర కొట్టేవాడు. పొద్దుగూకేలోపు బిందెడు బోరు నీళ్లు తాగేవాడు. నలభై ఏళ్లకే మెడ తిరగలేదు, నడుము వంగిపోయింది. పట్నంలో ఒక డాక్టరు, "అన్ని నీళ్లు ఎందుకు తాగినవయ్యా?" అని కసిరాడు. నాయిన తల దించుకున్నాడు. పక్కన నేనున్నాను. ఆ ప్రశ్న నన్నింకా వదల్లేదు.

మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. రాళ్లలోంచి నీళ్లలో కలిసే లవణం అది, ఏళ్ల తరబడి ఎక్కువగా ఒంట్లో చేరితే ఎముకలను పాడుచేస్తుంది. లెక్క చేద్దాం, నోట్‌బుక్కులు తీయండి. లీటరులో ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాకా పరవాలేదంటారు. నీడపట్టున రెండు లీటర్లు తాగేవాడికి మూడు మిల్లీగ్రాములు. అవే నీళ్లు ఆరు లీటర్లు తాగే కూలీకి తొమ్మిది! మా బోర్లలో ఒకటిన్నరను ఎప్పుడో దాటిపోయింది. ఎండను, తాగే నీళ్ల కొలతను చూసుకునే హద్దు పెట్టుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. నాయిన చేసిన తప్పేముంది? ఒళ్లు అడిగింది, తాగాడు. తాగకపోతే వడదెబ్బకు పోయేవాడు. తాగితే ఎముకలు పోయాయి.

చెమట పుట్టుక గురించి ఇంకా చెప్పాలని రాసుకొచ్చాను. ఈ కాగితం పక్కన పెడుతున్నాను, మన్నించండి.

ఇప్పుడు ఇళ్లకు కృష్ణా నీళ్లొచ్చాయి, సంతోషం. కానీ చెల్కల్లో, బట్టీల దగ్గర కూలీలు బోరుకే నోరు పెట్టడం నేను మొన్న కూడా చూశాను. ఎక్కువ చెమట పోసేది వాళ్లే, ఎక్కువ తాగేదీ వాళ్లే. రైతులారా, మేస్త్రీలారా, పొద్దున బండి మీద గడ్డపారలు కట్టుకుపోతారు గదా, నల్లా నీళ్ల క్యాన్ కూడా కట్టండి. తలకు ఆరు లీటర్లు. ఇప్పుడే చెయ్యెత్తండి, ఎవరెవరు కడతారో చూస్తాను.