బయట నిలబెట్టడం శిక్షేనా?

అధ్యక్షుల వారికీ, శ్రీకాకుళం జిల్లా తీర మండలాల నుంచి వచ్చిన ప్రధానోపాధ్యాయులకూ, ఉపాధ్యాయ మిత్రులకూ నమస్కారం. అల్లరి పిల్లవాడిని ఎలా దారిలో పెట్టాలన్న ప్రశ్న మన సమావేశాలలో తరచుగా వస్తుంది. ఆ అల్లరి వల్ల వాడికి ఏం దొరుకుతోందన్న ప్రశ్న మాత్రం దాదాపుగా రాదు. నేను ముందుగా ఈ రెండో ప్రశ్ననే తీసుకుంటాను.

ఏడో తరగతి కుర్రవాడొకడు తెలుగు పీరియడ్‌లో పక్కవాడి పుస్తకం లాగి పారేస్తాడు, మాస్టారు విసిగి వాడిని వరండాలో నిలబెడతారు, మర్నాడూ అదే తంతు నడుస్తుంది. ఎవరైనా ఒక నోటుపుస్తకంలో మూడు గడులు గీసి, గొడవకు ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత ఏమయింది అని వారం రోజులు రాసి చూస్తే, ‘లేచి చదువు’ అన్న మాట వెంటనే ప్రతిసారీ గొడవ మొదలవుతోందని తేలవచ్చు. కూడబలుక్కుని చదవడం కూడా రాని ఆ పిల్లవాడికి నలుగురిలో నవ్వులపాలు కావడం కంటే వరండాయే నయం. మనం శిక్ష అనుకుని ఇచ్చినది వాడు కోరుకున్నదే అయింది. ఇటువంటి చోట హితబోధ పనిచేయదు. మర్నాడు చదవవలసిన పేరాను ముందురోజే చూపించి, మధ్యాహ్న భోజనం తర్వాత పది నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకుని చదివించి, తరగతిలో రెండు వాక్యాలతో సరిపెట్టి, అవి చదివినందుకు అక్కడే మెచ్చుకోవాలి. కొట్టడం, మానసికంగా వేధించడం 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించినవే కాబట్టి వాటి గురించి వేరే చర్చ అక్కరలేదు.

గొడవ చేసేవాడు ఎలాగూ మన కంటబడతాడు. నోరెత్తని పిల్ల సంగతే కష్టం. తండ్రి చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి నెలల తరబడి రాకపోవచ్చు, తల్లిదండ్రులిద్దరూ హైదరాబాద్‌లో భవన నిర్మాణ పనుల్లో ఉండి పిల్లను నాన్నమ్మ దగ్గర వదిలి ఉండవచ్చు. మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలోనైతే ఇంట్లో ఒకరిని వారానికి రెండు మూడుసార్లు పలాసకో సోంపేటకో డయాలసిస్‌కు తీసుకెళ్లవలసి రావచ్చు. హాజరుపట్టీలో ఒక ఆడపిల్ల పేరు ఎదుట ప్రతి మంగళ, శుక్రవారాలు గైర్హాజరు పడుతుంటే, ‘ఎందుకు రాలేదు’ అని తరగతిలో నిలదీయడానికి ముందు ఇంటి దగ్గర వాకబు చేయడం మన పని. ఆ రెండు రోజులూ తమ్ముణ్ణి చూసుకోవడానికి ఆగిపోతోందని తెలిస్తే, ఆమెకు కావలసింది మందలింపు కాదు, తప్పిన పాఠం చెప్పే మనిషి.

పిల్లలందరికీ ఒకే తీరున నియమాలు నేర్పడం, కొందరితో రోజూ పొద్దున, సాయంత్రం ఒక పెద్దమనిషి రెండు నిమిషాలు మాట్లాడటం, ఇంకా అవసరమైన ఏ ఒకరిద్దరికో విడిగా ప్రణాళిక వేయడం అనే మూడంచెల పద్ధతి అమెరికా బడులలో విస్తృతంగా ఉంది. మన బడులలోనూ దాన్ని పెట్టుకోవచ్చు. అయితే ఆ రెండు నిమిషాలు ఎవరివి?

ఈ విషయంలో బీహార్‌లోని నలంద జిల్లా ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో జరిపిన ‘సెహర్’ అధ్యయనం గమనించదగినది. బడి వాతావరణాన్నీ, పిల్లల ఆరోగ్యాన్నీ మెరుగుపరచే ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడులలో ఉపాధ్యాయులకూ, కొన్నింటిలో వృత్తి నిపుణులు కాకపోయినా ప్రత్యేకంగా శిక్షణ పొందిన కౌన్సెలర్లకూ అప్పగించారు. 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం, కౌన్సెలర్లున్న బడులలో వాతావరణం మెరుగుపడింది, కుంగుబాటు, తోటి పిల్లల వేధింపులు తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపిన చోట చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. దీన్ని ఉపాధ్యాయుల చేతకానితనంగా చదవకూడదని నా అభిప్రాయం. పాఠాలు, పరీక్షలు, యాప్‌లలో వివరాలు ఎక్కించడం (ఇది ఇక్కడ కూర్చున్నవారికి నేను చెప్పాలా?) అన్నీ అయ్యాక మిగిలే ఓపికతో చేసే పని కాదిది.

విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాలు, 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలలో అర్హత గల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలన్నాయి. అంతకంటే చిన్న సంస్థలు బయటి మానసిక నిపుణులతో అనుసంధానం ఏర్పరచుకోవాలి. మన చిన్న బడులు చాలావరకు ఈ రెండో కోవలోకే వస్తాయి. నాలుగైదు బడులు కలిసి కౌన్సెలర్ కోసం అడగడం ఒక్కొక్కరుగా అర్జీ పెట్టడం కంటే మేలు.

నేను మొదట చెప్పిన మూడు గడుల నోటుపుస్తకం స్టాఫ్ రూం బల్ల మీద పడి ఉండకూడదు, ప్రధానోపాధ్యాయుల బీరువాలోనే ఉండాలి. పిల్ల నమ్మి చెప్పిన మాటను కూడా అంతే గుట్టుగా ఉంచాలి, ఒక్క సందర్భంలో తప్ప. చచ్చిపోతానని నోట అన్నా, తన పుస్తకంలో రాసుకున్నా, దాన్ని వేషంగా కొట్టిపారేయకుండా అదే రోజు ప్రధానోపాధ్యాయులకూ ఇంటివారికీ తెలియజేయాలి, 14416కు ఫోన్ చేసి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ సలహా తీసుకోవాలి, ఇంటివారు వచ్చేదాకా ఎవరో ఒకరు ఆ పిల్ల పక్కనే ఉండాలి.